ఇచ్చినవారు, అడిగినవారు

గడచిన మార్చి నెలలో మా చిక్కడపల్లిలో మహిళాదినోత్సవము పేర నొక సభ జరిగెను. వేదికమీద నైదుగురు పురుషులును ఇద్దఱు స్త్రీలును గూర్చుండిరి. స్త్రీలలో నొకరు ప్రార్థనగీతము పాడిరి. రెండవవారు వందనసమర్పణము చేసిరి. నడుమనున్న రెండుగంటల కాలమును పురుషులు పంచుకొనిరి. అందొక వక్త, చదువుకొన్నవాడు, మంచివాడు, మాకు చిరకాలమిత్రుడు, తెలుగునాట స్త్రీలకు జరిగిన మేళ్లనన్నిటిని వరుసగా నేకరువు పెట్టెను. స్త్రీలకు చదువిచ్చినవారు ఫలానివారు; వితంతువులకు వివాహమిచ్చినవారు ఫలానివారు; బడి యిచ్చినవారు, ఓటిచ్చినవారు, ఆస్తి యిచ్చినవారు ఫలానివారు. జాబితా ముగిసినంతనే చప్పట్లు మ్రోగెను. మేమును గొట్టితిమి. ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండగా గాని మాకు స్ఫురింపలేదు. ఆ జాబితాయందు ఇచ్చినవారందఱు నున్నారు. అడిగినవా రొక్కరును లేరు. స్త్రీలు ఏ కాలమునను ఏమియు నడుగకయే పురుషులు తమంతట తామే కరుణించి యిచ్చుచు వచ్చిరని దాని తాత్పర్యము కావలెను.

ఈ తాత్పర్యము అబద్ధమనియు, నేటికిని స్త్రీలకు నష్టము కలిగించుచున్న యబద్ధమనియు మా వాదము. మిత్రునికి కోపము వచ్చునేమో, రానిండు.

మేమీ మాట నారాయణగూడలో గూర్చుండి వ్రాయుచున్నాము గావున నారాయణగూడతోనే మొదలుపెట్టుదుము. 1921వ సంవత్సరము నవంబరు 12వ తేదీన సుల్తానుబజారులోని వివేకవర్ధని పాఠశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కరణసభ జరిగినది. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభికులు గేలిచేసి యాయన నోరు మూయించిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఈ కథ తెలంగాణమున బడికి పోయినవారందఱు నెఱిగినదే. అంతగా నెఱుగని ముక్క యొకటి కలదు. నాటి సభ కధ్యక్షులు మహర్షి కార్వేగారు. ఆయన 1916లోనే పూనాలో స్త్రీలకొఱకు ప్రత్యేకముగా విశ్వవిద్యాలయమును స్థాపించియుండిరి. సభ జరిగిన యేడేండ్లకు, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు తమ మిత్రులతో గూడి యీ నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయము వచ్చి పదియేండ్లు; అందు బోధనభాష ఉర్దూ. మాతృభాషలో చదివిన తెలుగుబాలికకు సొంతయూరిలో మెట్రిక్యులేషను పరీక్ష లేదు. అందుచేత పాఠశాలవారు పూనాలోని కార్వేగారి విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొని తమ బాలికల నా పరీక్షకు పంపిరి. తెలుగుమాటకు పరాభవము జరిగిన సభ యధ్యక్షుని విద్యాలయమే తెలుగుపిల్లలకు దిక్కయినది! చరిత్రకును అప్పుడప్పుడు హాస్యము తెలియును.

ఇంతవఱకు మా మిత్రునితో మాకు తగవు లేదు. హనుమంతరావుగారు గొప్పవారు. ఆ పాఠశాలకు వారి పేరు పెట్టుట న్యాయము. 1951లో వారిని నగరమునకు మేయరుగా నెన్నుకొనుటయు న్యాయమే. కాని 1928లో నొక పిల్లను బడికి పంపుట యనగా నేమో కొంచె మాలోచింపుడు. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిరోధించు శారదా శాసనము మఱుసటియేడు వచ్చినది. నిజాము రాష్ట్రమునకు అదియు వర్తింపదు. తోటి పిల్లలు అత్తవారిండ్లకు పోవుచుండగా ఈ పిల్ల పలక పట్టుకొని వీధిలో నడచిపోవలెను. వీధియరుగులమీది పెద్దమనుష్యులు దగ్గుదురు. పిల్ల తల్లి నూతికడ నలుగురి మాటలు పడవలెను. ఇంత పడి, తనయూరి విశ్వవిద్యాలయము పెట్టని పరీక్షకు, ఎన్నడు జూడని యూరిలో దిద్దెడి పరీక్షకు ఆ పిల్ల కూర్చుండి చదువవలెను. బడి కట్టినవారి ధైర్యము పుస్తకములలో నున్నది. బడికి నడచినదాని ధైర్యమును ఏ శిలాఫలకముమీదను మేము చూడలేదు.

ఈ యుద్యమమున స్త్రీలు నడచుటయే గాక మాటలాడిరి, వ్రాసిరి, సభలు జరిపిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులుగా తొలి ఆంధ్రమహాసభ జరిగినప్పుడే, దానితోపాటు మహిళాసభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు దాని కధ్యక్షురాలు. 1934లో ఖమ్మమున ఎల్లాప్రగడ సీతాకుమారిగారు. 1937లో నిజామాబాదున నందగిరి ఇందిరాదేవిగారు. అప్పటి కామె వయస్సు పదునెనిమిదేండ్లు. పదునెనిమిదేండ్ల పిల్ల పందిటిలో నిలువబడి బాల్యవివాహములనుగూర్చియు ఘోషానుగూర్చియు పెద్దలముందు సభ నడపినది! నేడు మన యిండ్లలో పదునెనిమిదేండ్ల ఆడుపిల్లను వచ్చిన చుట్టములముందు నోరు విప్పనిత్తుమా?

వీనియన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది 1935నాటి సిరిసిల్ల సభ. ఆ యేడు మహాసభకు మాడపాటి హనుమంతరావుగారును, మహిళాసభకు వారి భార్య మాణిక్యమ్మగారును అధ్యక్షులు. దంపతు లొక్కయూర రెండుసభల కధ్యక్షత వహించుట యరుదైన సంగతి. మా బీరువాలో వెదకి చూచితిమి. భర్తగారి మాటలు గల పుస్తకములు మూడు దొరకినవి. అందు రెండు వారే వ్రాసికొన్న తెలంగాణ ఆంధ్రోద్యమ చరిత్ర భాగములు. భార్యగారి యుపన్యాసము ఏ పుస్తకమునను దొరకలేదు. ఈ తప్పు ముందుగా మాది: నలువదియేండ్లుగా పుస్తకములు కొనుచు ఒక్కనాడైన దానికై వెదకినవారము కాము.

మా తమ్ముని మనుమరాలొకతె జగిత్యాలనుండి వచ్చి అశోక్‌నగరులో వసతిగృహమున నుండి గ్రూపు పరీక్షలకు చదువుచున్నది. ఆ వీధుల సంగతి మీ రెఱుగుదురు. మెట్టుమెట్టునకు కోచింగు కేంద్రము, ఇరుకుగదిలో నలుగురు పిల్లలు, తెల్లవాఱకముందే గ్రంథాలయముముందు కుర్చీకొఱకు వరుస. ఆ పిల్ల ఆదివారము మా యింటికి భోజనమునకు వచ్చును. పైసంగతి మా మనసులో నుండుటచేత, వడ్డన జరుగుచుండగా "సిరిసిల్ల సభ" యంటిమి. పిల్ల అన్నము కలుపుచునే, "పందొమ్మిదివందల ముప్పై ఐదు, నాలుగో సభ, అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు, మహిళాసభ మాడపాటి మాణిక్యమ్మ" అని గడగడ చెప్పినది. మేము సంతోషించి, "ఆమె ఏమి మాట్లాడిందమ్మా?" అని యడిగితిమి. పిల్ల మా మొగము వింతగా చూచి, "అది సిలబస్‌ల లేదు పెద్దతాతా" అని అప్పడము విఱిచికొన్నది.

కావున పేరులు పూర్తిగా పోలేదు. పట్టికలో చివరి గడియందు మిగిలియున్నవి. మాటలు పోయినవి. ఒక మనిషి పేరును కాపాడి మాటను పాఱవేయుట ఆ మనిషిని గోడమీది పటముగా చేయుటయే గదా. వేలకొలది ఆడుపిల్లలు ఆ పట్టికను కంఠస్థము చేయుచున్నారు. ఆ పేరుగల స్త్రీలు ఏమి కోరిరో, ఎవరితో వాదించిరో ఎఱుగక ఉద్యోగములలో చేరబోవుచున్నారు.

ఇది మన తెలుగువారి సోమరితనము మాత్రమే యని మొదట మే మనుకొంటిమి. కాదని అరబ్బుదేశముల చరిత్ర చదివిన తరువాత తెలిసికొంటిమి. మన నగరమునకు అరబ్బుదేశము పరదేశము గాదు. నిజాము కొలువునకు హద్రమౌతునుండి వచ్చిన సిపాయిల సంతతివారు నేటికిని బార్కాసులో మన యిరుగుపొరుగువారే. కాని అచటి స్త్రీలు వ్రాసినదానిని మనము చదువుట యెక్కడ? వారిని బుర్ఖాలోనున్న మూగవారిగా నెంచి జాలిపడుట మనకు వాడుక. జాలి తేలిక; దానికి పుస్తకము కొననక్కఱలేదు.

ఈజిప్టులో స్త్రీల విముక్తి యనగానే పెక్కుమంది చెప్పు పేరు కాసిం అమీను. ఆయన న్యాయాధిపతి, 1899లో కైరోలో స్త్రీవిముక్తినిగూర్చి పుస్తకము ప్రకటించెను. దేశమంతయు నట్టుడికినది. అది గొప్ప పుస్తకమే కావచ్చును. కాని అంతకు ఏడేండ్లు ముందే, 1892లో, అలెగ్జాండ్రియాలో హింద్ నౌఫల్ అను యువతి స్త్రీలకొఱకు 'అల్ ఫతాత్' అను పత్రికను స్థాపించి నడపినది. 1894లో జైనబ్ ఫవ్వాజ్ అను నామె నాలుగువందలకు పైగా స్త్రీల జీవితచరిత్రల నొక బృహద్గ్రంథముగా కూర్చి అచ్చువేయ నారంభించినది. ఈ జైనబు దక్షిణ లెబనానులోని టిబ్నీనులో బీదయింట పుట్టి, ఈజిప్టు చేరి, పత్రికలలో పురుషులతో సమముగా వాదించిన స్త్రీ. ఆమె గ్రంథమున రాణులు, కవయిత్రులు, పండితురాండ్రు, తూర్పువారు, పడమటివారు వరుసగా వచ్చి నిలుతురు. స్త్రీకి బుద్ధిలేదనువారికి ఆమె చెప్పిన సమాధానము అదియే. న్యాయాధిపతిగారు కలము పట్టునాటికి ఈ వాదము స్త్రీలచేత ఎంతో దూరము నడపబడియున్నది. అయినను చిరకాలము "తొలివాడు" అను బిరుదు ఆయనకే చెల్లినది.

ఇక మనయూరివంక తిరుగుదము. జైనబు పుస్తకము తరువాత ఏడేండ్లకు, 1901లో, భండారు అచ్చమాంబగారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువడినది. అదియు స్త్రీల జీవితచరిత్రల కూర్పే! అదియు స్త్రీలు స్వభావముచేత నబలలనియు నవివేకులనియు చెప్పువారికి సమాధానముగా వ్రాసినదే! ఒకరి లిపి యొకరికి రాదు, ఒకరి మతమొకరిది గాదు, నడుమ సముద్రము. ఇద్దఱికిని ఒక్క యుపాయమే తోచినది. ఎందుచేత? ఇద్దఱి యెదుట నిలిచిన యాక్షేపణ యొక్కటియే గనుక. "మీలో గొప్పవా రెవరు?" అని యడిగినవానికి ఉపన్యాసముకంటె పేరుల వరుస మంచి జవాబు.

అచ్చమాంబగారిని గూర్చి మఱికొంత చెప్పక పోజాలము. ఆమె నందిగామ ప్రాంతమున 1874లో పుట్టిరి. బాల్యమునందే వివాహమైనది, బడి లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమయింట నుండి చదువుకొనుచుండగా ఆయనతోపాటు కూర్చుండి తెలుగును, హిందీని, మరాఠీని నేర్చుకొనిరి. కన్నబిడ్డలు పోయిరి. ఆ దుఃఖములో నుండియే గ్రంథము వ్రాసిరి. మచిలీపట్టణమున స్త్రీసమాజము పెట్టిరి. ముప్పదియేండ్లు దాటుచుండగనే 1905లో గతించిరి. ఆమె 'ధనత్రయోదశి' యను కథ 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చినది. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లోనిది. మేము బడిలో చదువునాడు తెలుగున తొలికథ 'దిద్దుబాటు' అని మాచేత వ్రాయించి పదిమార్కులు వేసిరి. ఎనిమిదేండ్లు ముందు అచ్చయిన కథ ఎచ్చటికి పోయినది? ఎచ్చటికిని పోలేదు. పత్రికలోనే యున్నది. చూచినవారు లేరు. గురజాడవారిమీద మాకు భక్తి కలదు. వారి కథలోని కమలిని తన భర్తను దిద్దినది గాని, చరిత్రకారులను దిద్దుటకు ఆమెకు తీఱికలేకపోయినది.

"మొదట నెవరు వ్రాసిన నేమి, మేలు జరిగినది గదా" యని మా మిత్రు డనును. అనుభవము చాలనివారి మాట అది. దానముగా వచ్చినదానికిని హక్కుగా వచ్చినదానికిని భేదము వచ్చినప్పుడు తెలియదు, పోవునప్పుడు తెలియును.

ఈజిప్టునే చూడుడు. దొరియా షఫీక్ అను నామె 1945లో స్త్రీల పత్రికను స్థాపించి, 1951 ఫిబ్రవరిలో దాదాపు పదునైదువందలమంది స్త్రీలతో పార్లమెంటు భవనములోనికి చొచ్చుకొనిపోయి ఓటుహక్కు నడిగినది. 1954లో అందులకే యెనిమిదిదినములు నిరశనవ్రతము పట్టినది. 1956లో కొత్త రాజ్యాంగము స్త్రీలకు ఓటునిచ్చెను. ఇచ్చినది నాసరు ప్రభుత్వమని జాబితాలు చెప్పును. మఱుసటియేడే, 1957లో, ఆ ప్రభుత్వమే దొరియాను గృహనిర్బంధమున నుంచి, ఆమె పేరు పత్రికలలో రాకుండ జేసెను. ఆమె 1975లో మరణించువఱకును ఒంటరిగానే బ్రదికెను. ఓటును ఉంచిరి, అడిగినదానిని తుడిచిరి.

అది పాతకథ యందురా? సౌదీ అరేబియాలో 1990 నవంబరులో నలువదియేడుగురు స్త్రీలు రియాదు వీధులలో కార్లు నడపి, ఉద్యోగములు పోగొట్టుకొని, ప్రసంగవేదికలమీద తిట్లు తినిరి. 2011లో మనాల్ అల్ షరీఫ్ కారు నడపి చెఱకు పోయినది. 2018 జూనులో ఆ నిషేధమును తొలగించిరి. తొలగించుటకు కొన్నివారములు ముందు, మే నెలలో, అదియే కోరిన లుజైన్ అల్ హత్‌లూల్ మొదలైనవారిని పట్టుకొని చెఱలో బెట్టిరి. లుజైను 2021 ఫిబ్రవరిలో గాని బయటికి రాలేదు. దీని మర్మమేమి? హక్కునిచ్చుట దొరతనమున కభ్యంతరము గాదు. అడిగినందున వచ్చినదని లోకము తలచుటయే యభ్యంతరము. ఇది అడిగి తెచ్చుకొన్నదని స్త్రీలు తెలిసికొన్నచో రేపు మఱియొకటి యడుగుదురు. దానమని నమ్మినచో దాతమొగము చూచుచు కూర్చుందురు.

రాజులమాట యెందుకు? మా యింటిమాట చెప్పుదుము. 1985లో ఆంధ్రప్రదేశమున కూతుండ్రకు పిత్రార్జితమునందు సమానభాగము గలదని శాసనము వచ్చెను. అప్పటికే పెండ్లియైనవారి కది వర్తింపలేదు. 2005లో దేశమంతటికిని వచ్చిన శాసనము ఆ కొఱతను తీర్చెను. 1985నాటిది ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావుగా రిచ్చినదని మా మిత్రుని జాబితాలో నుండెను. రాజ్యాంగసభలో దుర్గాబాయి మొదలైనవారును, అంతకుముందు మహిళాసభలవారును ఆస్తిమాట యెత్తి యెన్నియేండ్లు గొంతెండ జేసికొనిరో అందు లేదు. సరే. మాకు తండ్రిగారు విడిచిన కొంచెము పొలమును, ఒక యిల్లును గలవు. మే మన్నదమ్ములము ముగ్గురము; చెల్లె లొకతె. 2008లో ఇల్లమ్మవలసివచ్చినప్పుడు చెల్లెలిని పిలిపించి, రిజిస్ట్రారు కచ్చేరికి తీసికొనిపోయి, తన భాగమును మాకు వదలుకొన్నట్లు పత్రముమీద సంతకము పెట్టించితిమి. ఆమె చదువుకొన్నదే, నారాయణగూడలోనే చదువుకొన్నది. "అన్నయ్యలు ఇచ్చినదే చాలు" అన్నది. మేమామెకు పట్టుచీర పెట్టి, పసుపుకుంకుమల పేర కొంత సొమ్మిచ్చితిమి. ఇచ్చితిమి! ఆ క్రియాపదమును చూడుడు. తన సొత్తును మేము తీసికొని, అందుండి చిటికెడు తీసి యామె చేతిలో బెట్టి, దాతల మైతిమి. ఆటోలో వచ్చునప్పుడు ఆమె చీర చాల బాగున్నదనెను. మాకప్పుడు ఏమియు తోచలేదు. మంచి యన్నలమని యనుకొంటిమి.

శాసనము పుస్తకములో నున్నది. సంతకము కచ్చేరిలో నున్నది. ఈ రెంటి నడుమ నున్నది ఆ "ఇచ్చిరి" యను మాటయే. తన ముందుతరమువారు అడిగి, పోరాడి తెచ్చినది యిది యని మా చెల్లెలికి బడిలో నెవరైన చెప్పియుండినచో, ఆమె కలము అంత సులువుగా నడచియుండదని మా నమ్మిక. అట్టి సంతకములు మన వీధివీధినను గలవు. ఈ పుట చదువుచున్న పురుషులలో కొందఱికి ఈపాటికే గొంతు పట్టియుండును.

ఇక మామీద రాగల యాక్షేపణలు. సంస్కర్తలపట్ల కృతఘ్నత యని మొదటిది. దీనికి దీర్ఘమైన సమాధాన మక్కఱలేదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించినది వీరేశలింగంపంతులుగారు. ఊరివారు వెలివేసి పనివారు రానప్పుడు గోదావరినుండి నీళ్లు మోసి వంట సాగించినది రాజ్యలక్ష్మమ్మగారు. ఆమె పేరు చెప్పినచో పంతులుగారి కీర్తి యేమి తరుగును? నీళ్లు లేకున్న ఆ పెండ్లి జరుగునా?

రెండవ యాక్షేపణ బరువైనది. దీని నాడువారే చెప్పుచున్నారు. మహిళాసభలవారు వకీళ్ల భార్యలు, దేశముఖుల యాడపడుచులు, అగ్రవర్ణములవారు. దొరలగడీలలో వెట్టిచేసిన స్త్రీకి వారి తీర్మానములలో చోటెక్కడ అని. ఇది నిజము. ఘోషాను మానుమని తీర్మానించిన పందిటికి నీళ్లు తెచ్చినదానికి ఘోషా యెన్నడును లేదు; దానికి కూలి లేకుండెను. కాని ఈ కొఱతకు మందు ఇంకను ఎక్కువమంది మాటలను అచ్చువేయుటయే గాని, ఉన్నకొద్దిమాటలను గూడ పూడ్చుట గాదు. అట్లు చేసినవారు ఈ నగరముననే కలరు. స్త్రీశక్తిసంఘటనవారు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలయొద్దకు పోయి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను పుస్తకము వేసిరి. తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యముగారి మాటయు, ఈ నగరపు ఉర్దూలోగిలిలో పెరిగి యుద్యమమున చేరిన జమాలున్నీసాగారి మాటయు ఒక్క యట్టలోనే యున్నవి. పోరాటమున పనికివచ్చిన స్త్రీలను, పోరాటము ముగియగనే ఇండ్లకు పొమ్మన్న వైనమును ఆ స్త్రీల నోటనే వినవచ్చును. గోగు శ్యామలగారు దళితస్త్రీల రచనలను 'నల్లపొద్దు' పేర కూర్చిరి. జైనబును, అచ్చమాంబయు మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపు. అయితే రాణుల వరుసలో కూలికి పోవు స్త్రీ వచ్చి నిలిచినది. అచ్చమాంబగారు చూచియున్నచో మొదట కొంచెము వెనుకాడి, పిదప సంతోషించియుందురని మా యూహ.

మూడవది యెవరు నాక్షేపింపరు గాని మేమే చెప్పికొనవలెను. తెలుగునకు జరిగిన యవమానమునుండి పుట్టిన ఉద్యమము మనది. నారాయణగూడ బడియు దాని బిడ్డయే. అందు తప్పులేదు. కాని మాటలాడుటకు బోధనభాషయైన ఉర్దూతో తగవు పెట్టుకొని, ఉర్దూలో వ్రాయు స్త్రీలవంక గూడ చూడకపోతిమి. ఈ నగరముననే సుగ్రా హుమాయూన్ మీర్జాగారు (1884–1958) స్త్రీలకు ఉర్దూ పత్రికలు నడిపిరి, నవలలు వ్రాసిరి, పరదా విడిచి సభలకు వచ్చిరి, ఇరాకు మొదలైన దేశములు తిరిగి యాత్రాగ్రంథములు వ్రాసిరి, 1934లో బాలికలకు బడి పెట్టిరి. అదే యేట ఖమ్మమున సీతాకుమారిగారు మహిళాసభ నడపుచుండిరి! ఇద్దఱును నడిపినది ఒక్క తగవే. తెలుగుపుస్తకములలో సుగ్రాగారి పేరు మాకు కనబడినది అరుదు. ముసలివారమైన మాకు ఉర్దూ మాటలాడ వచ్చును, చదువ రాదు. ఇది మాకు సిగ్గు. 2005లో షాజహానా తెలుగుననే 'నఖాబ్' అను కవితాసంపుటి ప్రకటించినప్పుడు, ముసల్మాను స్త్రీ తన మాట తానే చెప్పుచున్నదని ఆశ్చర్యపడినవారు పెక్కురు. ఆశ్చర్యమేల? ఎనుబదియేండ్లుగా పక్కవీధిలో చెప్పుచునే యున్నారు.

మేము కోరున దేమి? విగ్రహములు కోరము, కూడలికి పేరు పెట్టుమనియు కోరము. మహిళాసభలలో జరిగిన యుపన్యాసములు నాటి పత్రికలలో దొరకినంతవఱకు వెదకి యొక సంపుటముగా వేయవలెను. ఇల్లిందల సరస్వతీదేవిగారికి 1982లో 'స్వర్ణకమలాలు' కథలకు కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఆంధ్రయువతీమండలిని నిలిపినవారిలో నామె యొకరు. సంగెం లక్ష్మీబాయమ్మగారు స్వాతంత్ర్యోద్యమమున చెఱకు పోయి, ఆ యనుభవములను పుస్తకముగా వ్రాసిరి. ఈజిప్టులో 1981లో చెఱబడిన నవాల్ సాదావి, కనుబొమలు దిద్దు పెన్సిలుతో మరుగుదొడ్డి కాగితములమీద వ్రాసికొన్న జ్ఞాపకములు ప్రపంచమంతటను చదువబడుచున్నవి. మన లక్ష్మీబాయమ్మగారి పుస్తకమును అశోక్‌నగరులోని పిల్ల పేరుగా కంఠస్థము చేయునే గాని చేత పట్టి యెఱుగదు. పరీక్షల పట్టికలో చివరిగడి ప్రక్క మఱియొక గడి వేసి, "ఆమె యేమనెను?" అని యడుగుడు. ఆ ప్రశ్న వచ్చినయేడు ఆ పుస్తకములు వాటియంతట నవే అచ్చగును. మన దేశమున పరీక్షను మించిన ప్రకాశకుడు లేడు.

వచ్చు మార్చిసభకు మమ్ము వక్తగా పిలిచిరి. మేము మాటలాడము. 'ధనత్రయోదశి' చిన్నకథ, మా తమ్ముని మనుమరాలు దానిని చదువును. చదువుట కొప్పుకొన్నది గాని, ఆ నెలలో పరీక్ష పడినచో రానని ముందుగనే చెప్పినది. మిత్రునికి ముందువరుసలో కుర్చీ వేయుమని కార్యదర్శితో చెప్పితిమి. మా చెల్లెలికిని ఉత్తరము వ్రాసితిమి. ఆనాటి పత్రమునుగూర్చి వకీలు నడుగగా, అన్నదమ్ములు ముగ్గురును ఇష్టపడి తమ తమ వంతునుండి యామె భాగమును లెక్కగట్టి తిరిగి వ్రాసి యీయవచ్చునని చెప్పెను. మా తమ్ము డొప్పుకొన్నాడు. పెద్దన్నగారింకను జవాబీయలేదు.